నాలుగో ఆదివారానికి దాచిన మాట

సారు పోయారని కాజీపేట నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను హనుమకొండలో ప్రింటింగ్ షాపులో ఉన్నాను. నాలుగో ప్రసంగం పోస్టరులో సారు పేరు కింద "విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకులు" అన్న అక్షరాలు మరీ చిన్నగా వచ్చాయని షాపతనితో వాదిస్తున్నాను. "అన్న పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నడమ్మా. గట్లనే పోయిండు" అన్నాడు తమ్ముడు. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక షాపతను, అక్షరాలు పెంచాలా మేడం అని అడిగాడు. పెంచమనే చెప్పాను. చావు కబురు చెవిలో పడ్డంత తొందరగా లోపలికి దిగదు. నాకైతే ఆటో ఎక్కి, సారు ఉండే సుబేదారి పొమ్మని చెప్పేటప్పుడు దిగింది.

హనుమకొండలో డిగ్రీ చదివిన మీలో కొందరికి సారు తెలిసే ఉంటారు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, భుజానికి గుడ్డసంచి, అందులో రెండు కళ్ళజోళ్ళు. ఒకటి పుస్తకాలకు, ఇంకొకటి మనుషులకు అనేవారు. కప్పను కోసే ప్రాక్టికల్ రోజున బ్లేడు పట్టుకునే ముందు కప్పకు నమస్తే చెప్పమనేవారు. మేము నవ్వేవాళ్ళం. ఆయన నవ్వకుండా అందరూ చెప్పేదాకా నిలబడేవారు. దానివల్ల కప్పకు ఒరిగేదేముందని ఒకసారి నేనే అడిగాను. కప్పకు ఏమీ లేదు, నీ చెయ్యి జర నిదానమైతది అన్నారు. ఆ తర్వాత నిజంగానే నా చెయ్యి నిదానమైంది. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ఇప్పుడు నేను ఒక చిన్న మ్యూజియంలో కాంట్రాక్టు గైడును. కింద శిల్పాలు, నాణేలు. మేడ మీద ఒక గదిలో గాజు పెట్టెల్లో ఎండిన పక్షులు, నాలుగైదు ఎముకల గూళ్ళు. ఆదివారాలు జనం కోసం ప్రసంగాలు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ బరువు నా నెత్తిన పడింది. వచ్చేది పదిమంది, అందులో నలుగురం మేమే. పాముల మీద అయితే కుర్చీలు నిండుతాయనిపించి సారు ఇంటికి వెళ్ళాను. సుబేదారిలో ఒక మేడ మీద అద్దెకు ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ఒక స్టూలు. సగం చాయ్ తాగి, గ్లాసు మీద సాసరు బోర్లించి, మిగతా సగం మాటలయ్యాక చల్లగా తాగడం ఆయన అలవాటు.

"పాముల గురించి ఎవలన్న చెప్తరు బిడ్డా. నేను కోతుల గురించి చెప్పాలె" అన్నారు.

ఆ రోజే నాకు ఆ సంగతి తెలిసింది. లెక్చరర్ ఉద్యోగం రాకముందు సారు వేరే రాష్ట్రంలో ఒక పరిశోధనశాలలో రెండేళ్ళు పనిచేశారట. అక్కడ కోతుల మీద ప్రయోగాలు చేసేవారు. ఒక కోతి ఈనితే దాని పిల్లను వేరే గదిలో పెట్టి, సీసాపాలతో పెంచి, రోజూ తూచి రిజిస్టరులో రాయడం సారు పని. తల్లి ఒళ్ళోంచి ఆ పిల్లను తీసింది కూడా ఆయనే. పై వాళ్ళు తీయమన్నారు, తీశాను అన్నారు. ఆ తల్లి గదిలోకి ఎవరు పోయినా చువ్వల దగ్గరికి వచ్చి చూసేదట. సారు పోతే మాత్రం గోడ దిక్కు తిరిగి కూర్చునేదట. ఆయన అక్కడున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా మొహం చూపలేదు.

అందుకే వదిలేసి వచ్చారా అని అడిగాను. అవుననాలని నాకు ఆశ. "కాదు బిడ్డా. ఈడ నౌకరి వచ్చింది, వచ్చిన. ధైర్యం చేసి ఇడిచిపెట్టినోన్ని గాదు" అన్నారు.

నేను రెండు గంటలు రాసుకున్నాను. పిల్ల ఎన్నాళ్ళు బతికింది, ఆ పరీక్ష దేనికోసం, ఇప్పుడు అలాంటి పనికి ముందు ఏయే కమిటీలు ఒప్పుకోవాలి, అన్నీ ఓపికగా చెప్పారు. నాకు చెప్పారు కదా, మనసు కొంచెం తేలికపడిందా సార్ అని నా తెలివితక్కువతనం కొద్దీ అడిగాను. ఆయనకు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. "తేలిక అయ్యేటందుకు గాదు. నీకొక్కదానికి చెప్తే నువ్వు నన్ను మంచోడంటవు. నలుగురి ముందల చెప్తే వాళ్ళు అడుగుతరు. అడిగినదానికి నేను నిలబడి జవాబు చెప్పాలె. గంతే నాకు కావాల్సింది."

అలాగని పరిశోధనలే వద్దనే మనిషి కాదు సారు. ఆయన తమ్ముడికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. రైల్వేలో టికెట్ల కౌంటరు దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ జబ్బు రాకుండా వేసే చుక్కల మందు తయారుకావడం వెనక ఎన్ని కోతుల ప్రాణాలున్నాయో సారుకు తెలుసు. ఇప్పటి పిల్లలు కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఉరుకుతుంటే చూసి సంతోషపడతాను, ఆ సంతోషం అబద్ధం కాదు, ఆ తల్లి కోతి వీపు కూడా అబద్ధం కాదు అనేవారు. రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే అది ప్రసంగం కాదు, ప్రచారం. ఇది ఆయన చాలాసార్లు అన్న మాట.

ఇక నేను చేసిన పని చెబుతాను. నాలుగు ఆదివారాలకు నాలుగు ప్రసంగాలు అనుకున్నాం. తన సంగతితోనే మొదలుపెట్టాలని సారు కోరిక. నేను మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఇక్కడ మంగళవారం పూట కోతికి అరటిపండు పెట్టి దండం పెట్టుకునే ఊళ్ళో, కోతిపిల్లను తల్లి నుంచి తీశానని మైకులో చెబితే ఏమవుతుందో ఆలోచించమ్మా, ముందే ఆంజనేయస్వామి రూపమాయె అన్నాడు. నాకూ భయమేసింది. నాది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఆ సాయంత్రం సారు దగ్గరికి పోయి, ముందు జనం కొంచెం అలవాటు పడనివ్వండి సార్, మీ సంగతి నాలుగో ఆదివారం పెడదాం అన్నాను. మాట జనం మీద పెట్టి చెప్పాను గానీ, లోపల ఉన్నది నా ఉద్యోగమే. సారు నా మొహం కాసేపు చూశారు. తర్వాత కాగితం తీసుకుని ఒకటి కొట్టేసి నాలుగు వేశారు. సాసరు తీసి చల్లారిన చాయ్ తాగారు. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తయారీ మాత్రం నెల రోజులు నడిచింది. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. ఫోటోలు ఎంచుకోవడానికి సారు పెట్టిన పరీక్ష వింటే మీరు నవ్వుతారు. నేను నలభై దాకా కోతుల ఫోటోలు సేకరించి తెస్తే, ఆయన వాటిని మ్యూజియం ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయారు. ఒక్కొక్కటీ అక్కడున్నవాళ్ళకు చూపించమన్నారు. జనం కోతి బొమ్మ చూస్తే నవ్వుతారు, అది మామూలే. ఎవరైనా నవ్విన ఫోటోను పక్కన పెట్టేశారు. ఆటోవాళ్ళు, హమాలీలు, బ్యాంకు నుంచి వచ్చిన మేడంలు అందరూ చూశాక చేతిలో ఏడు మిగిలాయి. నవ్వుకున్న తర్వాత మనిషి దాని గురించి ఆలోచించడు బిడ్డా, నవ్వే జవాబనుకుంటడు అన్నారు. ఆ ఏడింటితోనే నాలుగు ప్రసంగాలూ నడపాలన్నారు. మా ఆఫీసరు, స్లైడ్లు ఏడేనా అని ముక్కు మీద వేలేసుకున్నాడు.

పొద్దున ఆరింటికి ఫోన్ వచ్చేది. హలో అనే అలవాటు సారుకు లేదు. కొండముచ్చు సంగతి మొదట చెప్పాలా తర్వాత చెప్పాలా అనో, పంజరం అనకుండా బోను అంటే సరిపోతుందా అనో నేరుగా మొదలుపెట్టేవారు. మా ఇంట్లో పిల్లల టిఫిన్ బాక్సుల గొడవ జరుగుతూ ఉండేది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి దోసె తిరగేస్తూ జవాబు చెప్పేదాన్ని. విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆరింటికి ఫోన్ పక్కన పెట్టుకుని దోసెలు పోస్తున్నాను. ఒక్కరోజు, ఒక్క ఫోన్, ఎంత విసిగించే ప్రశ్న అయినా సరే అనిపిస్తుంది.

మొదటి ఆదివారం మేము అనుకోని తమాషా జరిగింది. పోస్టరులో "కోతుల గురించి ప్రజలతో మాటామంతీ" అని వేయించాను. ఆ పోస్టర్లలో ఒకటి కేసముద్రం మార్కెట్ యార్డు గేటు దాకా చేరింది. ఆదివారం పదింటికి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దిగినవాళ్ళు ఇరవై మంది రైతులు, ప్రతి ఒక్కరి చేతిలో దరఖాస్తు. కోతుల బెడద మీద సర్కారు మీటింగు పెట్టిందని, పట్టుకుపోయే బండ్లు కూడా వస్తాయని వాళ్ళు అనుకున్నారు. ఒక పెద్దామె సాక్ష్యంగా సంచి నిండా సగం సగం కొరికిన మక్కకంకులు తెచ్చింది. తెల్ల రవిక, నడుముకు బిగించిన కొంగు, అరవై దాటిన వయసు. నేరుగా మైకు దగ్గరికి పోయి కంకులన్నీ బల్ల మీద కుమ్మరించింది. మా ఆఫీసరు నన్ను పక్కకు పిలిచి, వీళ్ళకు మర్యాదగా చెప్పి పంపించు అన్నాడు.

సారు పంపించనివ్వలేదు. తన కాగితాలు సంచిలో పెట్టేసి కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిచి చెప్పమన్నారు. గంటన్నర పట్టింది. మిరప మొక్కలు పీకేసినవి, పెంకులు తీసి ఇంట్లోకి దిగినవి, పులి బొమ్మ ఫ్లెక్సీ కడితే రెండు రోజులు భయపడి మూడోరోజు దాని మీదే కూర్చున్నవి. దరఖాస్తులన్నీ తీసుకుని, కోతులను పట్టించే అధికారం నాకు లేదు, ఇవి ఎవరికి ఇవ్వాలో వాళ్ళకు నేనే తీసుకుపోయి ఇస్తాను అన్నారు. మాట ప్రకారం ఆ సోమవారం ఆఫీసులన్నీ తిరిగి ఇచ్చి వచ్చారు కూడా. మిగిలిన పావుగంటలో అడవిలో తినడానికి ఏమీ మిగలక కోతి చేన్లోకి ఎట్లా వచ్చిందో చెప్పారు. ఏడు ఫోటోల్లో ఒక్కటే చూపించారు. పెద్దామె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంటూ, మళ్ళ ఆదివారం గూడ ఉంటదా సారూ అని అడిగింది.

ఆమె నిజంగానే వచ్చింది. రైతుల్లో ఐదారుగురు వచ్చారు గానీ, ఆమె మాత్రం రెండో వారం, మూడో వారం ముందు వరుసలోనే. రెండో వారం కోతుల గుంపును దూరం నుంచి చూసి రాసుకునేవాళ్ళ గురించి సారు చెప్పారు. మా చేను కాడికి వస్తే మస్తు చూడొచ్చు, అన్నం గూడ పెడతా అందామె. అందరూ నవ్వారు, సారు కూడా నవ్వారు. మూడో వారం మందుల సంగతి. తమ్ముణ్ణి కాజీపేట నుంచి పిలిపించి పక్కన కూర్చోబెట్టారు. తమ్ముడు ప్యాంటు మడిచి కాలు చూపించాడు. ఆ కాలి పక్కన నిలబడి సారు, కోతులకు మనం పడ్డ రుణం గురించి మాట్లాడారు. ఆఖరున ఒక మాట అన్నారు. "వచ్చే వారం నేను చేసిన పని చెప్తా. అందరు రావాలె. ఏం అడగాల్నో ఆలోచించుకొని రాండ్రి."

అది ఆదివారం. బుధవారం పొద్దున సారు పోయారు.

సుబేదారిలో ఆ మేడ మెట్లు ఎక్కుతుంటే నాకు ఒక్కటే లెక్క. నేను అడ్డుపడకపోతే ఆయన ఆ మాట మొదటి ఆదివారమే చెప్పేసి ఉండేవారు. జనం అడిగేవాళ్ళు, ఆయన నిలబడి జవాబు చెప్పేవారు. ఆయన జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే. నేను దాన్ని వెనక్కి జరిపాను. తమ్ముడితో ఈ మాట చెప్పి ఏడ్చాను.  అన్నకు నీ మీద కోపం లేకుండెనమ్మా, గని నాలుగో ఆదివారం ఎప్పుడొస్తదో అని రోజులు లెక్కపెట్టిండు అన్నాడు. ఓదార్చడానికే చెప్పాడు. ఆ రెండో సగం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నాలుగో ఆదివారం సంతాపసభ పెట్టి ఫోటోకు దండ వేద్దామన్నాడు ఆఫీసరు. దండ వేస్తాను సార్, ప్రసంగం కూడా ఉంటుంది, నేను చెబుతాను అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా అన్నాడు. ఆలోచించుకున్నాననే చెప్పాను. అది మూడు వారాల ముందు చేయాల్సిన ధైర్యం. ఆలస్యంగా వచ్చిన ధైర్యానికి పెద్ద గొప్పేమీ ఉండదు.

ఆ రోజు కుర్చీలన్నీ నిండాయి. నా నోట్సు చూసి, సారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పిల్లను తీయడం, తూచడం, రాయడం. తల్లి గోడ దిక్కు తిరగడం. ధైర్యం చేసి విడిచిపెట్టి రాలేదని ఆయనే ఒప్పుకున్న మాట కూడా దాచలేదు. ఈ ప్రసంగాన్ని మొదటి వారం నుంచి నాలుగో వారానికి మార్చింది నేనే అని కూడా చెప్పాను. ఎవరూ అరవలేదు, ఎవరూ లేచిపోలేదు. మా ఆఫీసరు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నేను భయపడ్డ జనం అసలు ఎక్కడున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఏమైనా అడగాలా అన్నాను. ముందు వరుసలోంచి కేసముద్రం పెద్దామె లేచింది.

"పిల్లను తీసుకపోయినంక, ఆ తల్లికి వచ్చిన పాలు ఏమైనయి బిడ్డా?"

నోట్సు తిరగేశాను. పిల్ల బరువుంది, పిల్ల తాగిన సీసాపాలున్నాయి, కమిటీలున్నాయి. ఇది లేదు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చినదాన్ని, ఆ వరండాలో రెండు గంటలు ఆయన ఎదురుగా కూర్చున్నాను. నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. ఆయన దగ్గర దానికి జవాబు ఉండి ఉంటుంది. ఆ గదిలోకి రోజూ పోయినవాడు కదా. లేకపోతే, నేను చూడలేదమ్మా అని తల వంచుకుని చెప్పి ఉండేవారు. ఆయనకు కావాల్సింది సరిగ్గా ఈ ప్రశ్నే. అడగడానికి ఆమె వచ్చింది.

"నాకు తెల్వదవ్వా. సారుకు తెలుసు" అన్నాను.

ఆమె తల ఊపింది గానీ కూర్చోలేదు. ఒక చెయ్యి కుర్చీ వెన్ను మీద వేసుకుని, మైకు పక్కన సారు నిలబడే చోటుకేసి చూస్తూ అలాగే నిలబడింది. కాసేపటికి హాల్లో అందరూ అటే చూస్తున్నారు. నేనూ అటే చూశాను.